అనంతపురం లైనక్స్ మిత్రుల సంఘం: ఈ ఏటి నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధన. అది లేకపోయినా ఈసారి రాసేవాణ్ణే, మే నెలలో పాత ఫోన్లతో పెట్టిన వర్క్‌షాప్ గురించి చెప్పకుండా ఉండలేను.

నెలవారీ సమావేశాలు జరిగాయి, రెండుసార్లు కోరం లేక వాయిదా పడ్డాయి. అంతే.

ఇక వర్క్‌షాప్. మూలన పడేసిన ఆండ్రాయిడ్ ఫోన్లు సభ్యులే తెచ్చారు. ముందే రూట్ చేసి, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం తీసుకుని పెట్టాం, లేకపోతే కొన్ని ఫైళ్లు చదవడానికి దొరికినా రాయడానికి కెర్నల్ (ఆండ్రాయిడ్‌ని లోపలినుంచి నడిపే లైనక్స్ మూల ప్రోగ్రామ్) ఒప్పుకోదు. సిస్ (/sys) అనే ఫోల్డర్లో కనిపించే ఫైళ్లు స్టోరేజీలో ఎక్కడా ఉండవు, ఫైల్ని చదివే క్యాట్ కమాండ్ కొట్టగానే కెర్నల్ అప్పటికప్పుడు ఆ పరికరాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌ని అడిగి జవాబు ఇస్తుంది. అందులో పవర్ సప్లై ఫోల్డర్ కింద బ్యాటరీ వేడి చెప్పే టెంప్ ఫైల్ చదివితే 412 వచ్చింది. "సార్, పేలుతుందా?" అంటూ ఒక కుర్రాడు నిజంగానే కుర్చీలోంచి లేచాడు. అది డిగ్రీలో పదో వంతు లెక్క నాయనా, అంటే 41.2. ఫ్యాన్ తిరగని హాల్లో మా పరిస్థితీ అంతే ఉండింది లెండి.

ఇంకో తమ్ముడు స్క్రీన్ వెలుగుని నడిపే బ్యాక్‌లైట్ బ్రైట్‌నెస్ ఫైల్లో ఎకో అనే కమాండ్‌తో 0 రాసేశాడు. స్క్రీన్ మొత్తం చీకటి. ఫోన్ చచ్చిపోయిందని మొహం వేలాడేశాడు గానీ, ల్యాప్‌టాప్‌నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే ఏడీబీ షెల్ ఇంకా బతికే ఉంది. అక్కడినుంచే 120 రాస్తే వెలుగొచ్చింది, హాల్లో ఒకటే చప్పట్లు. ఇలా రాసిన విలువలు రీబూట్ చేస్తే ఎలాగూ పోతాయని చెప్పాక అందరికీ ధైర్యం వచ్చి, వైబ్రేటర్ మోటార్ని కూడా వదల్లేదు.

చెప్పక తప్పని మాట ఒకటి. వాట్సాప్‌లో బొటనవేలు చూపించిన వాలంటీర్లు పన్నెండు మంది, పొద్దున్నే వచ్చి కుర్చీలు వేసింది ముగ్గురం. హాలు అనుమతికి ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను, ప్రతిసారీ "సార్ ఇప్పుడే బయటికి పోయినారు" అనే జవాబు.

ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఇచ్చిన అన్నకు, డబ్బులు తర్వాత ఇవ్వండన్న టీ కొట్టాయనకు, ఇంటినుంచి పులిహోర చేసి పంపిన అక్కలకు కృతజ్ఞతలు.

లెక్కలు కోశాధికారి చదువుతారు, తేడా లేదు. మూడు యూఎస్‌బీ కేబుళ్లు మాత్రం ఇంకా తిరిగి రాలేదు, ఒకసారి మీ బ్యాగులు చూసుకోండి.

- కార్యదర్శి