జొన్నరొట్టెకు మార్కులు వేసేవారికి జొన్నపిండి తెలిసుండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ టీవీ పేజీలో ఒక ఛానల్‌లో వచ్చే వంటల పోటీ గురించి అర పేజీ వేశారు. చెఫ్‌లకు ఎంత కష్టమైన పరీక్షలు పెడుతున్నారో వర్ణించి, జొన్నరొట్టె ఎపిసోడ్‌తో తెలంగాణ వంటకు పెద్ద గౌరవం దక్కిందని రాశారు. చదివిన రోజే రాయాలనుకున్నాను, కోపం మీద రాయడం ఎందుకని ఆగాను. ఇన్ని రోజులు గడిచినా కోపం తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఎపిసోడ్ మీ విలేకరి చూశారా? చూసి కూడా గౌరవం అన్నారా? పోటీదారుల చేతికి జొన్నపిండి ఇచ్చారు. ఒక చేయి వెనక్కి కట్టేశారు. నిమిషాల లెక్కన గడియారం పెట్టి రొట్టె చేయమన్నారు. ఒకాయన సగానికి సగం గోధుమపిండి కలిపి, ఉండను పళ్లెం కింద పెట్టి అదిమి, గిన్నె బోర్లించి అంచులు కోసి గుండ్రంగా తీశాడు. మీద పెరుగు చుక్కలు, పూరేకులు. మెత్తగా ఉందని, అందంగా ఉందని న్యాయనిర్ణేతలు చప్పట్లు కొట్టి ఆయన్నే గెలిపించారు. ఉత్త జొన్నపిండితోనే చేస్తానని పట్టుబట్టిన అమ్మాయి రొట్టె పెనం మీదికి వేసేటప్పుడు విరిగింది. ఒక్క చేత్తో విరగక ఏమవుతుంది? ఆ అమ్మాయిని ఇంటికి పంపించారు. ఆ అమ్మాయి ఏం తప్పు చేసిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

జొన్నరొట్టె రెండు చేతుల పని. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు, కాబట్టి ఆ పిండి సాగదు. మసిలే నీళ్లు పోస్తేనే పట్టు వస్తుంది. అదీ అరచేత్తో అదిమి అదిమి పిసికితేనే. ఒక రొట్టెకు ఎంత కావాలో అంతే పిండి తీసుకుని అప్పటికప్పుడు పిసకాలి, అంతా ఒకేసారి కలిపి పెట్టుకుంటే ఆరి అంచులు పగులుతాయి. పిండి కొత్తదై ఉండాలి. పట్టించి చాలా రోజులైన పిండికి ఎంత చేయి తిరిగినవాళ్లయినా రొట్టె తీయలేరు. తర్వాత పీట మీద పొడిపిండి చల్లి, ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో కొట్టాలి. మధ్యలో మందం, అంచున పలచన అయితే కాలదు. పెనం మీద వేశాక పైన తడిబట్టతో నీళ్లు పూసి, ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ముందు తిప్పితే అంటుకుంటుంది, ఆలస్యమైతే పెళుసెక్కుతుంది. చివరికి మంట పక్కన ఆనించి పొంగించాలి. పొంగిన రొట్టెను పెనం దగ్గరే తినాలి. కెమెరాలు తిరిగి, లైట్లు సర్దుకుని, పెద్దలు ఒక్కో బల్ల దగ్గరికి వచ్చేసరికి అది చల్లారిపోతుంది. అప్పుడు రుచి చూసి మార్కులు వేస్తే అవి రొట్టెకు వేసిన మార్కులు ఎలా అవుతాయి?

కష్టం అంతా అసలు పిండిలోనే ఉంది. దాని మీద ఇంకో కష్టం తెచ్చిపెట్టాల్సిన పనేముంది?

ఈ పోటీలను మొత్తంగా తిట్టడం నా ఉద్దేశం కాదు. మా ఇంట్లో పిల్లలతో కలిసి నేనూ చూస్తాను. జపాన్‌లో 1993లో మొదలైన ‘ఐరన్ చెఫ్’ పద్ధతి నాకు నచ్చుతుంది. ఒక ముఖ్యమైన వస్తువును అప్పటికప్పుడు బయటపెట్టి, గంటసేపట్లో దానితో రకరకాల వంటలు చేయమంటారు. చేప ఇస్తే చేప తెలిసినవాడే నిలబడతాడు. 2010లో మన దేశంలో ‘మాస్టర్‌చెఫ్’ మొదలైనప్పుడు తొలి విజేత పంకజ్ భదౌరియా లక్నోలో బడి టీచరు. టీచరుగా పనిచేసినదాన్ని కాబట్టి ఆమె గెలిచిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. 2015లో ఆ పోటీని పూర్తి శాకాహారంతో నడిపారు. 2021లో జెమిని టీవీలో తెలుగులోనూ వచ్చింది. ఇంట్లో వండే ఆడవాళ్ల పనిని కూడా ఒక విద్యగా జనం చూశారంటే ఈ పోటీల పుణ్యం కొంత ఉంది, కాదనను.

కానీ ఇంకో రకం ఉంది. 2013లో అమెరికాలో మొదలైన ‘కట్‌త్రోట్ కిచెన్’లో నలుగురు చెఫ్‌లకు తలా పాతిక వేల డాలర్లు ఇచ్చి వేలం పెట్టేవారు. ఆ డబ్బుతో పక్కవాడి గరిటెలు, సామాన్లు లాగేసే హక్కు కొనుక్కోవచ్చు. గెలిచినవాడికి తన దగ్గర మిగిలిన డబ్బు దక్కుతుంది. అది వాళ్ల సరదా, వాళ్ల దేశం, వాళ్ల ఇష్టం. ఆ సరదాను తెచ్చి మా రొట్టె మీద పెట్టడమే నాకు నచ్చలేదు. ఎదుటివాడి చేతిలో గరిటె లాక్కోవడానికీ వంట రావడానికీ సంబంధం ఏమిటి? ఇవి చూసే పిల్లలు ఏం నేర్చుకుంటారు?

పాలమూరు వాళ్లకు జొన్నరొట్టె ఒక ఎపిసోడ్ కాదండీ. ముంబైకి, పుణెకు, ఎక్కడెక్కడి ప్రాజెక్టు పనులకో వలసపోయిన మా వాళ్లు మూటలో కట్టుకుపోయింది కటిక రొట్టెలు, ఎల్లిపాయ కారం. పుంటికూర పప్పుతో ఒక రుచి, చలికాలంలో అనపగింజల కూరతో ఇంకో రుచి. గద్వాల, ఆలంపురం, మక్తల్ వైపు నల్లరేగడిలో పండే తెల్లజొన్న రొట్టెకు, చెల్కల్లో పండే పచ్చజొన్న రొట్టెకు తేడా మా వైపు చిన్నపిల్లలు కూడా చెప్పేవారు. ఆ బల్ల వెనక కూర్చున్న న్యాయనిర్ణేతల్లో ఒక్కరైనా ఇది ఏ జొన్న అని అడిగారా? పెద్ద హోటళ్లలో పేరు తెచ్చుకున్నవాళ్లను నేను తక్కువ చేయడం లేదు. వాళ్లకు తెలిసిన వంటకు వాళ్లు తీర్పు చెప్పవచ్చు. జొన్నరొట్టెకు తీర్పు చెప్పాలంటే నారాయణపేట నుంచో, దేవరకొండ నుంచో జీవితమంతా రొట్టెలు కొట్టిన ఒక పెద్దమ్మను పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. ఆమె వేలితో పిండిని ముట్టుకుని అది కొత్తదో పాతదో చెబుతుంది. ఛానల్‌కు ఖర్చు కూడా పెద్దగా ఉండదు, బస్సు ఛార్జీలు, మర్యాద చాలు.

ఇక ప్రభుత్వాల సంగతి. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది, ప్రతిపాదించింది మన దేశమే. చిరుధాన్యాల పరిశోధన సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఆ ఏడాదంతా స్టాళ్లు పెట్టారు, ఫొటోలు దిగారు, ఏడాది అయిపోయింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలతో మా వైపు నీళ్లొచ్చాయి, వరి వచ్చింది. నీళ్లు వద్దని ఎవరంటారు, వాటి కోసం తరాలు ఎదురుచూశాం. కానీ జొన్న వేసే రైతును కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాలి కదా. 2025-26కు కేంద్రం క్వింటాలుకు హైబ్రిడ్ జొన్నకు రూ.3,699, మాల్దండి రకానికి రూ.3,749 మద్దతు ధర ప్రకటించింది. పంట చేతికొచ్చిన వారంలో దగ్గర్లో కొనే కేంద్రం తెరవకపోతే ఆ ధర రైతుకు ఎందుకు? 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టారు, మంచి పనే. అదే రేషన్ దుకాణంలో మనిషికి ఒక కిలో జొన్నలు కూడా ఇస్తే షుగర్ ఉన్నవాళ్లు బయట అంత ధర పెట్టి పిండి కొనుక్కునే బాధ తప్పుతుంది. ఎన్ని అర్జీలు పెట్టినా దీనికి జవాబిచ్చే అధికారి కనిపించడు.

మీ పత్రిక మీదా నాకో ఫిర్యాదు ఉంది. టీవీలో ఒక్క చేత్తో రొట్టె చేసినవాళ్లకు అర పేజీ ఇచ్చారు. మా పట్టణంలో సాయంత్రమైతే రోడ్డు పక్కన రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్ల బండ్లను ట్రాఫిక్ పేరు చెప్పి ఎత్తించినప్పుడు నాలుగు లైన్లు కూడా రాలేదు. పెనాలు, పీటలు, పిండి డబ్బాలు అన్నీ ట్రాలీలో పడేసి తీసుకుపోయారు. ఆ పొగలో, ఆ దుమ్ములో, నిలబడే చోటు రేపు ఉంటుందో లేదో అనే టెన్షన్‌లో ఒకరి తర్వాత ఒకరికి వేడివేడి రొట్టె తీసి ఇవ్వడం కన్నా కష్టమైన పరీక్ష ఏ స్టూడియోలో పెడతారు? వాళ్లలో కొందరు వీధి వ్యాపారులకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం పీఎం స్వనిధి కింద అప్పు తీసుకున్నవాళ్లు. అప్పు ఇప్పించేది ప్రభుత్వమే, బండి ఎత్తించేది ప్రభుత్వమే. కిస్తీ ఏ బండి మీద సంపాదించి కట్టాలి?

వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. సర్వే పూర్తి చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులో ఉంది. ఆ చట్టం కింద వేయాల్సిన పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలని ఉంది. మా మున్సిపాలిటీలో ఆ కమిటీ ఉందో లేదో అడిగితే ఒకరు ఇంకొకరి గదికి పంపుతున్నారు.

ఛానల్ వాళ్లకు వేరుగా ఉత్తరం రాస్తున్నాను, ఆ అమ్మాయిని మళ్లీ పిలిచి రెండు చేతులతో రొట్టె చేయనివ్వమని. మీరు చేయాల్సింది ఒకటుంది. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఏ మున్సిపాలిటీలో వీధి వ్యాపారుల కమిటీ ఉంది, అది చివరిసారి ఎప్పుడు కూర్చుంది, బండ్లు పెట్టుకోవడానికి ఎక్కడ చోటు చూపించారు, మీ విలేకరుల చేత అడిగించండి. వచ్చిన జవాబులను తేదీలతో సహా, పట్టణాల పేర్లతో సహా ఒక అర పేజీ వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా