రెండు షెఫీల్డ్ మడతచాకుల వాల్యుయేషన్‌పై ఫిర్యాదు

మేనేజర్ గారికి,
కస్టమర్ ఫిర్యాదుల విభాగం,
హైదరాబాద్.

విషయం: పాత మడతచాకులకు మీరిచ్చిన తప్పుడు సర్టిఫికెట్లు, పాలిషింగ్ వల్ల వస్తువుకు జరిగిన నష్టం గురించి.

అయ్యా,

పోయిన నెల మీ వాల్యుయేషన్ కౌంటర్‌లో రెండు పాత మడతచాకులు ఇచ్చాను. ఒక్కోదానికి 2,500 రూపాయల చొప్పున ఫీజు కట్టాను. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో షెఫీల్డ్ చుట్టుపక్కల పాత సామాన్ల సంతల్లో కొన్న చాకులవి. ఇన్సూరెన్స్ కోసం వాటి వివరాలు, విలువ రాసిచ్చే సంస్థ కావాలని మీ దగ్గరికి వచ్చాను. మీరిచ్చిన సర్టిఫికెట్లు చదివాక ఫోన్ చేస్తే, మీ కాల్ సెంటర్ అమ్మాయి "మా ల్యాబ్ రిపోర్టే ఫైనల్ సర్" అని పెట్టేసింది. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

మొదటిది వెండి బ్లేడు, ముత్యపు చిప్ప పిడి ఉన్న పండ్ల చాకు. మడిస్తే చూపుడు వేలంత ఉంటుంది. పిడికి రెండు వైపులా ఆకుల నగిషీ, మధ్యలో చిన్న వెండి బిళ్ల, దాని మీద పాత యజమాని పొడి అక్షరాలు. మీ సర్టిఫికెట్‌లో ఇలా ఉంది: "స్టీలు మీద వెండి పూత, ప్లాస్టిక్ పిడి, హాల్‌మార్క్ లేదు, బిళ్ల మీద గీతలు ఉన్నాయి." ఆ గీతలే పొడి అక్షరాలు. చేత్తో చెక్కినవి.

స్టీలని ఎలా తేల్చారంటే అయస్కాంతం అంటుకుందని మీ వాల్యుయర్ గారు చెప్పారు. అంటుకుంటుంది, కాదనను. ఎక్కడ అంటుకుందో కూడా చూడాలి కదా! మడతచాకు వీపు భాగంలో స్ప్రింగ్ ఉంటుంది. బ్లేడు టక్కుమని తెరుచుకుని గట్టిగా నిలబడేది దాని బలం మీదే. వెండి మెత్తని లోహం, దాంతో చేసిన స్ప్రింగ్ వంగి ఊరుకుంటుందే తప్ప వెనక్కి తన్నదు. అందుకే వెండి చాకుల్లో కూడా స్ప్రింగ్ స్టీలుదే వేసేవారు. అదే అయస్కాంతాన్ని బ్లేడు దగ్గర పెడితే కదల్లేదు. కౌంటర్ దగ్గరే చేసి చూపించాను. "సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీ అయిపోయింది సర్" అన్నారాయన.

అసలు పండ్ల చాకుకు వెండి బ్లేడు ఎందుకు పెట్టారో తెలిస్తే ఈ అనుమానమే రాదు. పండ్లలోని పులుపు తగిలితే మామూలు స్టీలు నల్లబడుతుంది, పండు రుచీ పాడవుతుంది. హ్యారీ బ్రియర్లీ అదే షెఫీల్డ్‌లో స్టెయిన్‌లెస్ స్టీలు తయారు చేసింది 1913లో. అంతకు ముందు ఉన్నవాళ్లు పండ్లు కోసుకోవడానికి వెండి చాకులు జేబులో పెట్టుకు తిరిగేవారు.

ఇక "హాల్‌మార్క్ లేదు" అన్న మాట. మీవాళ్లు బీఐఎస్ (మన దేశంలో వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు కోసం వెతికినట్టున్నారు. మన దేశంలో వెండికి హాల్‌మార్క్ పథకం వచ్చిందే 2005లో. షెఫీల్డ్‌లో అస్సే ఆఫీసు, అంటే లోహం స్వచ్ఛత పరీక్షించి ముద్ర వేసే ఆఫీసు, 1773 నుంచి ఉంది. ఈ చాకు బ్లేడు మీద, పిడికి దగ్గరగా, ఐదు గుర్తులు ఉన్నాయి. నడుస్తున్న సింహం, అంటే 92.5 శాతం వెండి. కిరీటం, అంటే షెఫీల్డ్ ఊరి గుర్తు. 1975లో దాని బదులు గులాబీ వచ్చింది. విక్టోరియా రాణి తల, సుంకం కట్టినట్టు. ఆ సుంకం 1890లో ఎత్తేశారు. హెచ్ అక్షరం, అది ఏ ఏడాదిదో చెబుతుంది. షెఫీల్డ్ పట్టికలో ఈ తరహా హెచ్ 1875 నాటిది. చివరగా జె.వై.సి. అన్న మూడక్షరాలు, అంటే జాన్ యోమన్స్ కౌలిషా. ముత్యపు చిప్ప పిడితో వెండి పండ్ల చాకులు విరివిగా చేసిన షెఫీల్డ్ పనివాడు. ఎవరు చేశారు, ఎక్కడ, ఎప్పుడు, వెండి శాతం ఎంత అన్నవన్నీ వస్తువు మీదే రాసి ఉన్నాయి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి చాలు.

నిజానికి ఇదంతా "ఉన్నాయి" అని కాదు, "ఉండేవి" అని రాయాలి. చాకు తిరిగి ఇచ్చేటప్పుడు "కాంప్లిమెంటరీ పాలిషింగ్ చేయించాం సర్" అని మీవాళ్లు నవ్వుతూ చేతిలో పెట్టారు. నేను అడగలేదు. నన్ను ఎవరూ అడగలేదు. బఫింగ్ చక్రం మీద పెట్టి మెరుగు పెట్టేసరికి సింహం ముందుకాళ్లు కరిగిపోయాయి, హెచ్ అక్షరంలో అడ్డగీత పోయి రెండు నిలువు గీతలు మిగిలాయి, రాణి తల నున్నటి గుండ్రని మచ్చయింది. ముందూ వెనకా తీసిన ఫొటోలు జతచేశాను, పక్కపక్కన పెట్టి చూడండి. పాత వెండి వస్తువుల్లో గుర్తులు ఎంత స్పష్టంగా ఉంటే అంత విలువ. కాలంతో వెండికి పట్టిన మాసిన రంగును కూడా సేకరించేవాళ్లు తుడిచేయరు, అలాగే ఉంచుతారు.

పిడి సంగతి ఇంకా ఘోరం. మీ కుర్రాడు బ్లేడును గీటురాయి మీద రుద్ది, ఆ గీత మీద వేయాల్సిన యాసిడ్‌లో ఒక చుక్క పిడి మీద పడేశాడు. నా కళ్ల ముందే బుసబుసమని పొంగింది. ముత్యపు చిప్పలో ఉండేది చాలామటుకు కాల్షియం కార్బొనేట్, యాసిడ్ పడితే పొంగక ఏం చేస్తుంది? ఇప్పుడు అక్కడ మెరుపు పోయి, సున్నం మరకలా తెల్లటి గుంట ఉంది. ఆ పొంగు చూసి కూడా ప్లాస్టిక్ అని రాయగలిగారు! యాసిడ్ అక్కర్లేకుండానే తెలుసుకోవచ్చు. ముత్యపు చిప్ప చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది, వెలుగులో తిప్పితే పొరల లోపలి నుంచి రంగులు కదులుతాయి. ప్లాస్టిక్ అంత చల్లగా ఉండదు, దాని మెరుపు ఒకే తీరుగా ఉంటుంది.

విలువ దగ్గరికి వస్తే, 800 రూపాయలని రాశారు. ఆ సాయంత్రమే మీ కొనుగోలు విభాగం నుంచి ఒకాయన ఫోన్ చేసి, వెండి రేటు ప్రకారం గ్రాముల లెక్కన తీసుకుంటామన్నారు. స్టీలు చాకుకు వెండి రేటు ఇస్తానన్న వ్యాపారిని నేను ఇదే మొదటిసారి చూడటం. మీ రెండు విభాగాలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదో, బాగా మాట్లాడుకుంటున్నారో మీరే తేల్చుకోండి.

ఇది లక్షల వస్తువని నేను అనడం లేదు. కౌలిషా చాకులు ఇంగ్లండ్‌లో చాలానే దొరుకుతాయి, మామూలువైతే పదుల పౌండ్లలోనే పోతాయి. కానీ ఇలాంటి చాకుకు ధర కట్టేది బరువు చూసి కాదు. నగిషీ ఎంత లోతుగా ఉంది, పిడి పగిలిందా, బ్లేడు అరిగిందా, తెరిస్తే ఊగుతోందా, గుర్తులు చదవడానికి వస్తున్నాయా, ఇవి చూస్తారు. మీ సర్టిఫికెట్‌లో వీటికి గడులే లేవు. బరువు గడి మాత్రం ఉంది.

రెండో చాకు విషయంలో తప్పు ఎదురు దిక్కులో జరిగింది. అది జోసెఫ్ రోడ్జర్స్ అనే షెఫీల్డ్ చాకుల కంపెనీ వారి పెన్‌నైఫ్ (చిన్న జేబు చాకు), నక్షత్రం, మాల్టా శిలువ గుర్తు ఉన్నది. ఆ గుర్తు 1682లో నమోదైంది కాబట్టి చాకు కూడా 1682 నాటిదని రాసి, లక్షన్నర విలువ కట్టారు. దాని బ్లేడు మీద కిరీటంతో పాటు వి.ఆర్. అన్న అక్షరాలున్నాయి, అంటే విక్టోరియా రాణి కాలం. కింద ఇంగ్లండ్ అని కూడా ఉంది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేశాకే ఆ మాట వేయడం మామూలైంది. రాణి 1901లో పోయింది. అంటే చాకు దాదాపుగా ఆ పదేళ్ల మధ్యది. లక్షన్నర చూసి నేను సంతోషిస్తానని అనుకున్నారేమో. ఆ కాగితంతో ఇన్సూరెన్స్ తీసుకుంటే రేపు క్లెయిమ్ దగ్గర దొంగనయ్యేది నేనే.

అదే సర్టిఫికెట్‌లో పిడి "ఏనుగు దంతం" అని రాయడం మాత్రం నాకు అసలైన టెన్షన్. అది ఎముక. భూతద్దంలో సన్నటి నల్లటి చుక్కలు, గీతలు కనిపిస్తాయి, ఎముకలో రక్తనాళాలు ఉన్న దారులవి. ఏనుగు దంతమైతే అవి ఉండవు, అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటే వంపు గీతలు ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం వ్యాపారం నేరమని పాత వస్తువులతో బతికే మీకు నేను చెప్పాలా? సంతకం, స్టాంపు వేసి మరీ నా మీద లేనిపోని కేసుకు ఆధారం తయారు చేసి ఇచ్చారు.

కాబట్టి ఈ రెండు సర్టిఫికెట్లు రద్దు చేస్తున్నట్టు, ముఖ్యంగా దంతం అన్న మాట తప్పని, రాతపూర్వకంగా ఇవ్వండి. కట్టిన 5,000 రూపాయలు వాపసు చేయండి. నా అనుమతి లేకుండా పాలిష్ చేసినట్టు, యాసిడ్ పడినట్టు ఒప్పుకుంటూ లేఖ ఇచ్చి, మొదటి చాకుకు జరిగిన నష్టానికి పరిహారం ఎంత ఇస్తారో చెప్పండి. ఆ మొత్తాన్ని ఇంగ్లిష్ వెండి తెలిసిన బయటి నిపుణుడు తేల్చాలి, మీ కౌంటర్ కాదు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను.

పరీక్ష కోసం చాకులు మళ్లీ తెచ్చివ్వమని మాత్రం అడగకండి. చూడాల్సిన వాళ్లు మా ఇంటికే రావచ్చు. భూతద్దం నా దగ్గర ఉంది, యాసిడ్ సీసా మీ ఆఫీసులోనే వదిలేసి రమ్మనండి.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరిచినవి: ఫీజు రసీదు, రెండు సర్టిఫికెట్ల జిరాక్సులు, పాలిష్‌కు ముందూ తర్వాతా తీసిన ఫొటోలు.