కందిరీగ కుడితే డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ ట్యూబా?

సంపాదకులకు నమస్కారం.

మాది విశాఖలోని ఆరిలోవ. కొండ పక్కనే ఇళ్లు కావడంతో వానలు మొదలైతే సన్‌షేడ్ల కింద కందిరీగలు గూళ్లు పెడతాయి. కిందటి శ్రావణంలో మేడ మీద బట్టలు తీస్తుంటే మా అమ్మాయిని మోచేతి దగ్గర ఒకటి కుట్టింది. మా అత్తగారు వెంటనే సున్నం రాశారు. రెండో రోజుకి వాపు ఇంకా పెరిగింది, వారానికి తగ్గింది. కానీ కుట్టిన చోట కందిగింజంత గడ్డ మిగిలిపోయింది. రాత్రయితే చాలు, ఒకటే దురద.

దగ్గర్లోని మందుల షాపులో చూపిస్తే చీటీ అడగకుండా ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే దురద పోయేది, మానేస్తే మళ్లీ వచ్చేది. అలా రెండు నెలల్లో నాలుగు ట్యూబులు అయిపోయాయి. చివరికి గడ్డ చుట్టూ చర్మం తెల్లబడి, ఉల్లిపొరలా పలచబడి, లోపలి సన్నని నరాలు కనిపించసాగాయి. అందులో ఘాటైన స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపి ఉన్నాయని చర్మ డాక్టరు చెబితేగానీ మాకు తెలియలేదు. తామర మందుకీ ఆ గడ్డకీ సంబంధమే లేదట.

స్టెరాయిడ్ చెడ్డదని నేననడం లేదు. ఇలాంటి గడ్డకు డాక్టర్లు రాసేదీ అదే. కాకపోతే ఎంత ఘాటుది, ఎన్ని రోజులు, ఎక్కడి వరకు రాయాలి అని లెక్క చెబుతారు. మొండి గడ్డయితే అందులోకే కొద్దిగా ఇంజెక్షన్ చేస్తారు. దురదకు మాత్ర ఇస్తారు. షాపులో ఆ లెక్క చెప్పేవారెవరు?

ఈ క్రీములను కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మా కాలనీల షాపుల్లో కూడా ఒకసారి చూడాలి. రోజు కూలీ వాళ్లు పని మానుకుని పెద్దాసుపత్రి కేజీహెచ్ దాకా వెళ్లలేరు. పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో వారానికి ఒక పూటైనా చర్మ డాక్టరు ఉండాలి.

అక్కడే ఒక బోర్డు కూడా పెట్టమని మా నగరపాలక సంస్థ జీవీఎంసీకి నా మనవి. తేనెటీగ కుడితే ముల్లు వెంటనే తీసేయాలి. ఏది కుట్టినా సబ్బుతో కడిగి, ఐసు గుడ్డలో చుట్టి పెట్టాలి. సున్నం రాయకూడదు, చర్మం కాలుతుంది. పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

మా అమ్మాయి ఆ ట్యూబు మానేసి మూడు నెలలైంది. గడ్డ కరిగింది. తెల్లమచ్చ మాత్రం పోలేదు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చుడీదారే వేసుకుని కాలేజీకి వెళ్తోంది.

ఒక తల్లి,
ఆరిలోవ, విశాఖపట్నం