హద్దురాయి దగ్గర రోవర్ తెర రైతూ చూడాలి

సంపాదకులు గారికి,

ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మీద వార్త వచ్చిన ప్రతిసారీ ‘ఉపగ్రహాల సాయంతో సెంటీమీటరు తేడా లేకుండా’ అన్న మాట కనిపిస్తోంది. నాలుగు రోజులు తిరక్కుండానే ‘రీసర్వేలో నాలుగు సెంట్లు తగ్గింది’ అని ఇంకో వార్త. రోవర్‌తో, అంటే పోల్ మీద పెట్టి పొలంలో తిప్పే ఉపగ్రహ రిసీవర్‌తో, సెంటీమీటర్లలో కొలవొచ్చన్నది నిజమే. అది ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అన్నదే ఎవరూ రాయడం లేదు.

ఫోన్‌లోని జీపీఎస్ ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపుతుంది. చదరంగా ఉన్న ఎకరం చేనుకు ఒక్కో పక్క సుమారు 63.6 మీటర్లు. ఒక గట్టు 3 మీటర్లు జరిగితే 190 చదరపు మీటర్లు, అంటే దాదాపు 4.7 సెంట్లు తేడా. కాబట్టి ఫోన్ పట్టుకుని చేను చుట్టూ తిరిగి, ఆ లెక్కతో సర్వేయర్‌ను నిలదీస్తే వాదన నిలవదు. విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తెచ్చిన గగన్ అనే వ్యవస్థ జీశాట్ ఉపగ్రహాల నుంచి దేశమంతటికీ సవరణలు ప్రసారం చేస్తుంది. అది పనిచేసినా తేడా మీటరు, రెండు మీటర్ల దగ్గర ఆగుతుంది. రన్‌వేకు అది చాలు. గట్టుకు చాలదు.

రీసర్వేలో వాడే పద్ధతి వేరు. సరైన స్థానం ముందే తెలిసిన చోట ఒక రిసీవర్ రాత్రింబవళ్లు పనిచేస్తూ ఉంటుంది. దాన్నే కార్స్ స్టేషన్ అంటున్నాం, రోవర్‌కు అదే బేస్. ఉపగ్రహ గడియారం, కక్ష్య, పై వాతావరణం వల్ల సంకేతంలో ఎంత తప్పు చేరిందో అక్కడ తేలుతుంది. ఆ సమాచారం ఇంటర్నెట్ మీదుగా సెకను సెకనుకూ రోవర్‌లోని సిమ్‌కు చేరుతుంది. రోవర్ ఉపగ్రహ తరంగాన్నే కొలబద్దగా వాడుకుంటుంది. ఉపగ్రహాలు పంపే ఎల్1 అనే తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. ఉపగ్రహానికీ తనకూ మధ్య అలాంటి తరంగాలు సరిగ్గా ఎన్ని ఉన్నాయో తేల్చుకుంటే తెరమీద ‘ఫిక్స్’ అని పడుతుంది. అప్పుడు తేడా ఒకటి రెండు సెంటీమీటర్లే. తేల్చుకోలేకపోతే ‘ఫ్లోట్’ అంటుంది. అప్పుడు 30 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పోవచ్చు.

అసలు మెలిక చెట్టు కింద ఉంది. బేస్‌కూ రోవర్‌కూ ఉమ్మడిగా వచ్చే తప్పును మాత్రమే సవరణ తీసేస్తుంది. మామిడితోపులో ఆకుల చాటున సగం ఉపగ్రహాలు కనబడకపోవడం, పక్కనున్న రేకుల షెడ్డుకు తగిలి సంకేతం తిరిగి రావడం బేస్‌కు తెలియవు. అలాంటి చోట రోవర్ ఒక్కోసారి ‘ఫిక్స్’ అనే చూపుతుంది. లోపల మాత్రం తరంగాల లెక్క ఒకటో రెండో తప్పి ఉంటుంది. ఈ దొంగ ఫిక్స్‌తో ఫ్లోట్ కన్నా ప్రమాదం ఎక్కువ. ఫ్లోట్ వస్తే సర్వేయరే ఆగుతాడు, దీన్ని నమ్మి రాయి పాతిస్తాడు.

దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. రాయి దగ్గర ఒకసారి కొలిచాక ఫిక్స్‌ను కావాలని వదిలేయాలి. పోల్‌ను ఆరుబయటికి తెచ్చి, మళ్లీ ఫిక్స్ రానిచ్చి, అదే రాయిని ఇంకోసారి కొలవాలి. అరగంట ఆగి చేస్తే ఇంకా మంచిది, ఆ లోపు ఆకాశంలో ఉపగ్రహాల అమరిక మారుతుంది. రెండు కొలతల మధ్య 3 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే ఆ పాయింటును పక్కన పెట్టాల్సిందే. చింతచెట్టు మొదట్లో ఉన్న రాయికి ఈ తంటా కూడా వద్దు. ఆరుబయట రెండు పాయింట్లు రోవర్‌తో తీసుకుని, అక్కడి నుంచి రాయికి టేపు పట్టడమో కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్ పెట్టడమో చేస్తే సరిపోతుంది.

తెరమీద చూడాల్సింది ఇంకొకటి ఉంది: సవరణ వచ్చి ఎన్ని సెకన్లయింది. ఒకటి రెండు ఉంటే బాగున్నట్టు. పది దాటి పెరుగుతూ పోతుంటే ఫోన్ సిగ్నల్ పోయిందని అర్థం. సవరణకు డేటా ఎక్కువేం పట్టదు కానీ ధార తెగకూడదు. అందుకే మారుమూల గ్రామాలకు రెండు కంపెనీల సిమ్‌లు తీసుకెళ్లడం మంచిది. కార్స్ స్టేషన్ దూరమయ్యేకొద్దీ ప్రతి 10 కిలోమీటర్లకు సుమారు సెంటీమీటరు తప్పు చేరుతుంది. ఎండ ముదిరిన మధ్యాహ్నం పై వాతావరణంలోని విద్యుదావేశ పొర, అయనోస్పియర్, చిక్కబడుతుంది, దూరపు బేస్‌తో ఫిక్స్ రావడానికి చాలాసేపు పడుతుంది. ఉదయం పది, పదకొండు లోపు కష్టమైన మూలలు ముగించుకోవడం అందుకే. ఇక పోల్ సంగతి. రెండు మీటర్ల పోల్ ఒక్క డిగ్రీ వాలితే పైన యాంటెన్నా 3.5 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. బుడగ మధ్యలో లేకుండా బటన్ నొక్కితే పైనున్న టెక్నాలజీ అంతా వృథా.

సిగ్నల్ లేని చోట సొంత బేస్ పెట్టి రేడియోతో సవరణ పంపుతారు. అందులో ఒక షార్ట్‌కట్ ఉంది, అదే కొంప ముంచేది. స్థానం ముందే కచ్చితంగా తెలిసిన కంట్రోల్ పాయింటు మీద బేస్ పెట్టకుండా, ఎక్కడో నిలబెట్టి ‘ఇక్కడే’ అన్న మీట నొక్కేయడం. బేస్ స్థానమే రెండు మూడు మీటర్లు తప్పు పడుతుంది, దాంతో ఊరు ఊరంతా అంతే జరుగుతుంది. విస్తీర్ణాలు సరిగ్గానే వస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పక్క గ్రామాన్ని కార్స్‌తో కొలిచినప్పుడు పొలిమేర దగ్గర రెండు పటాలు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి, లేదా మధ్యలో ఎవరిదీ కాని సందు మిగులుతుంది. (ఎత్తుల సంగతి ఇంకో గొడవ. రోవర్ నేరుగా చూపే ఎత్తు సముద్రమట్టం నుంచి లెక్కించింది కాదు. హైదరాబాద్ దగ్గర ఆ తేడా 70 మీటర్లకు పైనే. కాలువ పనులు చేసేవారు దీన్ని మరిచిపోకూడదు.)

మేం అడిగేది చిన్న పని. ప్రతి పాయింటుకు ఫిక్సా ఫ్లోటా, ఎన్ని ఉపగ్రహాలు, సవరణ వయసు, ఏ బేస్, అంచనా తప్పు ఎంత అన్నవన్నీ రోవర్ తెర ఉండే కంట్రోలర్ తనంతట తానే నమోదు చేసుకుంటుంది. రైతు చేతికి వచ్చే కాగితంలో మాత్రం ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు, విస్తీర్ణం, పటం ఉంటాయి, ఇవి ఉండవు. ఒక్కో హద్దురాయికి ఒక్క వరుస చొప్పున, రెండో కొలతతో వచ్చిన తేడా సహా, పటం వెనక అచ్చు వేయాలి. తెలంగాణలో లైసెన్సుడు సర్వేయర్లు ఇచ్చే పటాలకూ ఇదే నియమం పెట్టవచ్చు. అప్పుడు అప్పీలుకు వచ్చిన రైతు ‘నా భూమి తగ్గింది’ అని ఊరుకోడు, ‘మూడో రాయి ఫ్లోట్‌లో కొలిచారు, మళ్లీ కొలవండి’ అంటాడు. ఊరంతా కాదు, ఆ ఒక్క రాయి దగ్గరికే మళ్లీ వెళ్లొస్తే చాలు.

ఇట్లు,
రోవర్‌తో పనిచేసే కొందరు సర్వేయర్లు