ప్రధానోపాధ్యాయురాలి లేఖ: మూడు గంటలు చాలలేదన్న మాట గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

పదో తరగతి ప్రీ-ఫైనల్ గణితం పేపరు గురించి వారం రోజులుగా మీ వాట్సాప్ గ్రూపులలో సాగుతున్న చర్చ నా దాకా వచ్చింది. పేపరు మరీ పెద్దదిగా ఇచ్చారని, చాలామంది పిల్లలు చివరి సెక్షను ముట్టుకోలేకపోయారని, పబ్లిక్ పరీక్షల ముందు ఇలా బెదరగొట్టడం తగదని కొందరు రాశారు. ఇద్దరు తండ్రులు నేరుగా ఆఫీసు గదికి వచ్చి అడిగారు కూడా. అడిగినందుకు సంతోషమే. అయితే ఆ పేపరు పబ్లిక్ పరీక్ష నమూనాలోనే ఉంది: 33 ప్రశ్నలు, 100 మార్కులు, ప్రశ్నపత్రం చదువుకోవడానికి 15 నిమిషాలు, రాయడానికి మూడు గంటలు. లెక్క వేస్తే రెండు మార్కుల ప్రశ్నకు మూడున్నర నిమిషాలు, 8 మార్కుల ప్రశ్నకు 14 నిమిషాలు వస్తాయి.

గణితం మాస్టారితో కలిసి జవాబు పత్రాలన్నీ నేనూ చూశాను. ఒక పత్రంలో రెండు మార్కుల ప్రశ్నకు పేజీన్నర జవాబు ఉంది. స్కేలు పెట్టి గీసిన మార్జిను, రెండు రంగుల సిరా, జవాబు కింద జంట గీత, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. అదే పత్రంలో 8 మార్కుల గ్రాఫు దగ్గర అక్షాలు రెండూ గీసి ఉన్నాయి, అంతే. ఆ లెక్క ఆ పిల్లవాడికి రాక కాదు, మరునాడు నా ఎదుటే బోర్డు మీద చేసి చూపించాడు. గంటన్నర గడిచిందని అతనికి తెలియలేదు, ఎందుకంటే ఇంతవరకు ఆ సంగతి అతనికి చెప్పే మనిషి ఎప్పుడూ పక్కనే ఉన్నారు.

ఇక్కడే మీతో కొంచెం నిర్మొహమాటంగా మాట్లాడాలి, మన్నించండి. మీ శ్రద్ధను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ తెల్లవారుజామున అమ్మ నాలుగుసార్లు పిలిస్తే లేచి, నాన్న కుర్చీ వేసుకొని కూర్చుంటేనే పుస్తకం తెరిచే బిడ్డకు తన సమయాన్ని తాను చూసుకోవడం పరీక్ష హాలులో హఠాత్తుగా ఎలా వస్తుంది? రాత్రి తొమ్మిదిన్నరకు "మేడమ్, రేపటి హోంవర్క్ ఏమిటి" అని మెసేజి పెట్టే తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: ఆ సంగతి తరగతిలో మీ బిడ్డకే చెప్పాము, దయచేసి అతన్నే అడగండి. మొదటి గంట కొట్టాక గేటు దగ్గర జామెట్రీ బాక్సులు, నీళ్ళ సీసాలు పట్టుకొని నిలబడే పెద్దల వరుస ఈమధ్య ప్రార్థన వరుసకంటే పొడవుగా ఉంటోంది. ఒక్కరోజు కంపాసు లేకుండా పాఠం వింటే కలిగే ఇబ్బంది మీరు చెప్పే పది మాటలకంటే బాగా పనిచేస్తుంది.

గత దసరా సెలవుల తరువాత తొమ్మిది, పది తరగతులకు మేము ఇచ్చిన రోజు పుస్తకం ఉద్దేశం ఇదే. ఎడమ పేజీలో ఈ సాయంత్రం ఏమి చేయాలనుకున్నానో, కుడి పేజీలో నిజంగా ఏమి జరిగిందో విద్యార్థి తానే రాసుకోవాలి. దానికి మార్కులు లేవు, సంతకం అక్కర లేదు, తిట్లు అసలే లేవు. అందులో నాకు కావలసింది అందమైన టైంటేబుల్ కాదు, ఆ రెండు పేజీల మధ్య ఉన్న తేడా; ఒక పాఠం గంటలో అయిపోతుందనుకున్న పిల్ల అది రెండు గంటలు పట్టిందని తన చేత్తో తానే నెల రోజులు రాసుకుంటే, ఆ తరువాత ఆమె వేసుకునే ప్రణాళికను ఏ ఉపాధ్యాయుడూ వేయలేడు. ఎక్కువసేపు కూర్చోలేని పిల్లలకు 1980ల చివర ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థి వంటింటి టైమరుతో మొదలుపెట్టిన పద్ధతి చెప్పాము: 25 నిమిషాలు ఒకే పని, ఐదు నిమిషాల విరామం, మళ్ళీ పని. దీనికి మామూలు అలారం గడియారం చాలు; ఫోనులో టైమరు పెడతామంటే ఆ ఐదు నిమిషాలు ఎక్కడికి పోతాయో మీకూ తెలుసు. ఇంత చెప్పాక కూడా మొన్న తనిఖీలో రెండు పుస్తకాలు ఆసాంతం తండ్రి దస్తూరీలో కనిపించాయి. దస్తూరీ చక్కగానే ఉంది.

అయినా నా ఉత్సాహం తగ్గలేదు, కారణం ఈ పిల్లలే. పదో తరగతి బి సెక్షనులో ఒక అమ్మాయి రోజూ తెల్లవారే పాల కేంద్రానికి క్యాను మోసుకెళ్ళి, అక్కడ వరుసలో నిలబడ్డంతసేపూ సూత్రాల చీటీ చూసుకుంటుంది. ఆ గణితం పేపరులోనే ఆమె తనకు వచ్చిన 8 మార్కుల ప్రశ్నలు ముందు ముగించి, ఒక్కొక్క సెక్షను దగ్గర గడియారం చూసి వేళ రాసుకొని, సరిచూసుకోవడానికి సమయం మిగుల్చుకుంది. తొమ్మిదో తరగతి కబడ్డీ ఆటగాడొకడు "ఏడింటికి సైన్సు" అని రాసి, ఎదుటి పేజీలో "ఎనిమిదింటికి మొదలైంది, కారణం నేనే" అని రాశాడు. స్టాఫ్ రూములో ఆ వాక్యం అందరికీ చదివి వినిపించాను.

వచ్చే ఏడాది ఇదే సమయానికి మన పిల్లలలో కొందరు నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలలోనో, పాలిటెక్నిక్, ఇంటర్ హాస్టళ్ళలోనో ఉంటారు. అక్కడ మీరు ఉండరు.

హాల్ టికెట్లలో పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి. ఒంటిపూట బడుల తేదీ ఉత్తర్వు అందగానే తెలియజేస్తాము. లైబ్రరీ పుస్తకాలు ఈ నెలాఖరులోగా తిరిగి ఇవ్వాలి.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు గణితంలో మరొక నమూనా పరీక్ష ఉంటుంది. ఈసారి అరగంటకొకసారి గంట కొట్టము. పిల్లలు చేతి గడియారం తెచ్చుకోవాలి. మరచిపోయి వస్తే, దయచేసి మీరు తెచ్చి ఇవ్వకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు