గోటి ఫంగస్ కల్చర్‌ను గడువుకు ముందే ముగించడంపై ఫిర్యాదు

డయాగ్నొస్టిక్ సంస్థ నిర్వాహకులకు,

విషయం: గోటి నమూనాపై ఇచ్చిన అసంపూర్ణ రిపోర్టును రద్దు చేయడం గురించి.

అయ్యా,

నేను చర్మవ్యాధుల వైద్యురాలిని. కాలి బొటనవేలి గోరు పసుపుపచ్చగా మారి, మందమెక్కి, అంచున పొడిపొడిగా రాలుతున్న ఒక రోగి నమూనాను మీ ల్యాబ్‌కు పంపాను. గోటి కింద లోతున పేరుకున్న పొట్టును గీకి, పొడి కాగితంలో మడిచి, కేఓహెచ్ పరీక్ష (పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి మైక్రోస్కోపు కింద చూడటం), ఫంగల్ కల్చర్ (నమూనా నుంచి ఫంగస్‌ను పెంచి చూడటం) రెండూ కావాలని ఫారంలో స్పష్టంగా రాశాను. వారం తిరగకముందే ‘ఫంగస్ పెరగలేదు’ అన్న ఒక్క వాక్యంతో తుది రిపోర్టు వచ్చింది. ఫోన్ చేసి అడిగితే, కల్చర్లన్నిటికీ తమ వద్ద అదే గడువని మీ సిబ్బంది చెప్పారు.

బ్యాక్టీరియాకు సరిపోయే గడువు గోటి ఫంగస్‌కు చాలదు. కాండిడా వంటి ఈస్టులు రెండు మూడు రోజుల్లో కనబడవచ్చు గానీ, గోటి ఇన్ఫెక్షన్లకు ఎక్కువగా కారణమయ్యే ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే ఫంగస్‌ను పెంచే సబౌరాడ్ మాధ్యమంపై 25–30 డిగ్రీల సెల్సియస్ వద్ద 4 వారాల వరకు చూశాకే పెరుగుదల లేదని తేల్చాలి. పైగా కొన్ని ఫంగస్‌లను పెరగనివ్వని సైక్లోహెక్సిమైడ్ కలిపిన మాధ్యమం ఒక్కటే వాడితే గోటికి సోకే మరికొన్ని బూజులు అసలు మొలవవు. మీరు ఏ మాధ్యమం వాడారో రిపోర్టులో లేనే లేదు.

అంతకన్నా బాధ కలిగించింది కేఓహెచ్ ఫలితం ఊసే లేకపోవడం. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో పొట్టు మెత్తబడ్డాక, మైక్రోస్కోపు కింద అడ్డుగోడలతో కొమ్మలు వేసిన ఫంగస్ పోగులు కనిపిస్తే, కల్చర్‌లో ఏదీ రాకపోయినా ఇన్ఫెక్షన్‌కు ఆధారం దొరికినట్టే. సోరియాసిస్ వల్ల కూడా గోరు ఇలాగే పాడవుతుంది. కాలి గోటి ఫంగస్‌కు టెర్బినాఫిన్ మాత్రలు సాధారణంగా 12 వారాలు వాడాలి, కాలేయంపై దాని ప్రభావాన్నీ గమనిస్తూ ఉండాలి. అలాంటి మందును ఆధారం లేకుండా మొదలుపెట్టలేను, ఈ రిపోర్టును నమ్మి అవసరం లేదని రోగికి చెప్పనూ లేను.

కనుక ఆ రిపోర్టును రద్దు చేసి, కొత్త నమూనాను ఉచితంగా పరీక్షించండి. ఫంగస్ పెరిగితే డెర్మటోఫైట్ (చర్మానికి, గోళ్లకు సోకే ఫంగస్ వర్గం) అని వదిలేయకుండా జాతి పేరు తేల్చండి. లాక్టోఫినాల్ కాటన్ బ్లూ రంగు వేసిన స్లైడుతో తేలకపోతే ఐటీఎస్ సీక్వెన్సింగ్ (ఫంగస్ డీఎన్‌ఏ భాగాన్ని చదివి జాతిని గుర్తించే పరీక్ష) చేయించండి, ఎందుకంటే టెర్బినాఫిన్‌కు తరచూ లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియేను రూపం చూసి దాని దగ్గరి జాతుల నుంచి వేరుచేయడం సాధ్యం కాదు. గడువుకు ముందు ఇచ్చే ప్రతి ఫలితంపైనా ‘మధ్యంతర రిపోర్టు’ అని ముద్రించండి. ఇదే పద్ధతిలో ముగించిన ఇతర గోటి కల్చర్ల విషయం ఆయా వైద్యులకు తెలియజేసి, తీసుకున్న చర్యలను నాకు లిఖితపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
రోగి తరఫున, చికిత్స చేస్తున్న వైద్యురాలు