హాలీ రూపాయల ధర కట్టడంలో నా తప్పు

అందరికీ నమస్కారం. హన్మకొండలో మన నాణేల షాపుకు వచ్చేవాళ్లందరికీ ఈ సంగతి చెప్పాలి.

పోయిన ఏడాది ఒక పెద్దాయన దగ్గర నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలం నాటి చార్మినార్ రూపాయి కొన్నాను. హైదరాబాద్ సంస్థానం సొంత నాణేలైన హాలీ రూపాయల్లో అదొకటి. బొమ్మ చదునుగా కనిపిస్తే అరిగిందన్నాను, వాడిన నాణెం ధరే ఇచ్చాను. మొన్న ఆయన మళ్లీ వచ్చి, "మా నాయన పెట్టెలకెల్లి ఎన్నడూ బయటికి తియ్యలేదు బిడ్డా, ఎట్ల అరుగుతది?" అని అడిగారు. ఆ రూపాయి ఇంకా నా దగ్గరే ఉంది. లూప్ (నాణేలు చూసే చిన్న భూతద్దం) పెట్టి చూస్తే ఆయన మాటే నిజమని తేలింది.

అది అరుగుదల కాదు, అచ్చు సరిగా పడలేదు. డైలో (నాణెం మీద బొమ్మ ముద్రించే ఉక్కు అచ్చులో) లోతుగా చెక్కిన చోటే నాణెం మీద ఎత్తుగా వస్తుంది. అక్కడిదాకా వెండి పాకాలంటే ఒత్తిడి గట్టిగా ఉండాలి. ఒత్తిడి చాలకపోయినా, ముద్ర వేయని వెండి బిళ్ల పలచనైనా ఆ చోటు నిండదు. డై పాతబడితే కొత్త నాణెం మీద కూడా అక్షరాలు మొద్దుబారి వస్తాయి. ఆ రూపాయిలో చార్మినార్ నడిమి కమాను కింది ఐన్ అక్షరం (ఉర్దూలో ఉస్మాన్ పేరుకు మొదటి అక్షరం) సగమే తేలింది. అయినా వెలుతురులో తిప్పితే మెరుపు ఆ చదును మీద కూడా ఆగకుండా తిరుగుతోంది. నిజంగా అరిగి ఉంటే ముందు ఎత్తైన చోట్లే మెరుపు చచ్చి, మసకబారేది.

ధరలో ఈ తేడా చిన్నది కాదు. గ్రేడింగ్ కంపెనీల 70 అంకెల స్కేలులో 60, ఆపైన ఉన్నవన్నీ వాడకం తగలనివే. అచ్చు బలహీనమైనా నాణెం ఆ వరసలోనే ఉంటుంది. కానీ నిండుగా పడిన దానికి వచ్చే రేటు దీనికి రాదు. కాబట్టి కొనేవాళ్లకూ చెబుతున్నాను, మెరుపు చూసి తొందరపడొద్దు. మినార్ల కొసలు, ఐన్ అక్షరం చూపించమని నన్ను అడగండి. సుత్తెతో కొట్టిన పాత మొగలు రూపాయలకు మాత్రం ఈ లెక్క సరిపోదు. వాటికి డై బిళ్లకంటే పెద్దది, అందుకే టంకశాల పేరు, సంవత్సరం బిళ్ల మీద పడ్డాయా అన్నది ముఖ్యం.

పెద్దాయనకు మిగతా డబ్బు ఇచ్చేశాను. "అరిగింది" అని నేను తక్కువ కట్టిన హాలీ రూపాయలు మీవీ ఉంటే రసీదు తీసుకుని రండి. నా దగ్గర మిగిలినవి మీ ముందే మళ్లీ చూస్తాను, అమ్మేసిన వాటికి అప్పుడు తీసిన ఫొటోలున్నాయి. ఫొటోలో మెరుపు తేలకపోతే మీ మాటే నమ్ముతాను.

కొత్తగా తెచ్చేవాళ్లు దయచేసి చింతపండుతో తోమకండి. ఆ మెరుపు పోతే అరిగిందో, అచ్చు పడలేదో నాకూ తెలియదు.